పుట్టింటి హీరో, మెట్టినింటి నంబరు: వయసు మీరిన క్వార్టర్‌బ్యాక్ వేరే జట్టుకు వెళ్లాలా?

1993 ఏప్రిల్‌లో, అమెరికన్ ఫుట్‌బాల్‌లో దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ జో మోంటానా శాన్ ఫ్రాన్సిస్కో ఫార్టీ నైనర్స్‌ను వదిలి కాన్సాస్ సిటీ చీఫ్స్‌లో చేరినప్పుడు ముందుగా తేల్చుకోవలసి వచ్చింది జెర్సీ నంబరు సంగతి. అంతవరకూ అతనిది 16. నాలుగు సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) విజయాలు ఆ నంబరుతోనే వచ్చాయి. కానీ కాన్సాస్ సిటీలో 16 అంటే లెన్ డాసన్. 1970 జనవరిలో ఆ ఊరికి సూపర్ బౌల్ తెచ్చిపెట్టిన క్వార్టర్‌బ్యాక్ అతను. అతని గౌరవార్థం ఆ నంబరును ఇంకెవరికీ ఇవ్వకుండా పక్కన పెట్టేశారు. మోంటానా 19 వేసుకున్నాడు. పుట్టింట్లో ఎంత గారాబంగా పెరిగినా, మెట్టినింట అప్పటికే ఒక పెద్ద కోడలు ఉంటుంది.

పేరున్న క్వార్టర్‌బ్యాక్ చివరి రోజుల్లో జట్టు మారినప్పుడల్లా ఇలాంటి తంతు ఒకటి జరుగుతుంది. 2012లో పేటన్ మ్యానింగ్ డెన్వర్‌కు వస్తే, అక్కడ 18వ నంబరు హక్కుదారు ఫ్రాంక్ ట్రిపుకా పెద్దమనసుతో వాడుకోమన్నాడు. 2020లో టామ్ బ్రేడీ టాంపాకు వస్తే, పాస్‌లు అందుకునే యువ రిసీవర్ క్రిస్ గాడ్విన్ తన 12ను అప్పగించాడు. 2023లో ఆరన్ రాడ్జర్స్ న్యూయార్క్ జెట్స్‌లో చేరితే, అక్కడి పాత దేవుడు జో నేమత్ తన 12ను తీసుకోమన్నాడు. రాడ్జర్స్ వద్దని, కాలేజీ రోజుల నాటి 8తో సరిపెట్టుకున్నాడు. నంబరు ఎలాగో దొరుకుతుంది. నలభైకి చేరువైన వయసులో కొత్త ఊళ్లో పాత ఆట దొరుకుతుందా అన్నదే అమెరికన్ ఫుట్‌బాల్‌లో దశాబ్దాలుగా తెగని వాదన.

ఆ వాదన ఎప్పుడూ విధేయత చుట్టూనే తిరుగుతుంది. ఇరవై ఏళ్లు అన్నం పెట్టిన ఊరిని వదిలి వెళ్లడమేమిటని ఒకరంటే, ఇరవై ఏళ్లు గెలిపించినవాడిని గెంటేయడమేమిటని మరొకరు అంటారు. ఇద్దరి బాధా నిజమే. అయితే వెళ్లినవాళ్ల చరిత్రను ఒక్కొక్కటిగా విప్పి చూస్తే, ఫలితాన్ని తేల్చింది విధేయత కాదు, ఒక మేరకు వయసు కూడా కాదు. వెళ్లిన ఇల్లు అప్పటికి ఎంతవరకు కట్టి ఉందన్నదే తేల్చింది.

క్రికెట్ కళ్లతో చూసేవారికి క్వార్టర్‌బ్యాక్ స్థానం కొంచెం వింతగా ఉంటుంది. జట్టు దాడికి దిగిన ప్రతిసారీ బంతి అతని చేతికే వస్తుంది. ఎదుటి నుంచి నూట ముప్ఫై కిలోల మనుషులు మీద పడటానికి దూసుకొస్తుంటే, రెండున్నర మూడు సెకన్లలో పరుగెడుతున్న సహచరుల్లో ఎవరికి ఎడం దొరికిందో చూసి విసరాలి. ఓపెనింగ్ బ్యాటర్ తన వికెట్‌ను తానే కాపాడుకోవచ్చు. క్వార్టర్‌బ్యాక్‌ను మాత్రం ముందు నిలబడ్డ ఐదుగురు లైన్‌మెన్ కాపాడాలి. వయసు పైబడితే చాలామందిలో చేతి బలం కన్నా ముందు పోయేది కాళ్ల చురుకుదనం, దెబ్బ తప్పించుకునే ఆ అర అడుగు. బదులుగా అనుభవం ఒకటిస్తుంది: బంతి అందుకోకముందే ఎదుటి జట్టు పన్నిన వ్యూహాన్ని చదవగలగడం. పోయిన అర అడుగుకు ఈ చదువు ఎన్నాళ్లు పూచీ పడగలదన్నదే ముసలి క్వార్టర్‌బ్యాక్ కథంతా.

జట్టు యాజమాన్యం లెక్క వేరు. 1993లో ఆటగాళ్లకు ఒప్పందం తీరాక నచ్చిన జట్టుకు వెళ్లే స్వేచ్ఛ వచ్చింది. మరుసటి ఏడాది నుంచి ఒక్కో జట్టు జీతాల మీద పెట్టే ఖర్చుకు పరిమితి విధించారు. 1994లో అది 3.46 కోట్ల డాలర్లు, 2025 నాటికి 27.92 కోట్ల డాలర్లు. ముప్ఫై ఎనిమిదేళ్ల హీరోకు ఇచ్చే ప్రతి కోటీ, అతన్ని కాపాడవలసిన లైన్‌మన్‌కు ఇవ్వలేకపోయిన కోటే. పైగా 2011 నుంచి కాలేజీ ఆట ముగించి వచ్చే కుర్రాళ్ల జీతాలకు కొలబద్ద పెట్టారు. దాంతో చవకగా నాలుగైదేళ్లు పనిచేసే కొత్త క్వార్టర్‌బ్యాక్ యజమానుల కంటికి మరింత ముద్దొచ్చాడు.

ఈ హంగులేవీ లేని పాతకాలంలో వెళ్లినవారి కథలు చిన్నవి, చేదువి. బాల్టిమోర్ కోల్ట్స్‌ను తన పేరుతోనే జనం గుర్తుపెట్టుకునేలా చేసిన జానీ యునైటస్‌ను 1973లో శాన్ డియాగో చార్జర్స్‌కు పంపేశారు. ఐదు మ్యాచ్‌లు ఆడాడు. ఆ చార్జర్స్ ఏడాది మొత్తంలో గెలిచినవి రెండే. 1977లో మోకాళ్లు అరిగిపోయిన జో నేమత్ లాస్ ఏంజిలెస్ రామ్స్‌కు వెళ్లాడు. షికాగోలో ఒక సోమవారం రాత్రి నాలుగు ఇంటర్‌సెప్షన్లు (ఎదుటి జట్టు చేతికి చిక్కిన పాస్‌లు) ఇచ్చాక మళ్లీ మైదానంలోకి దిగలేదు. అన్నీ అమరిన జట్టయినా కాళ్లు లేని మనిషిని నిలబెట్టలేదు. ఇంతకు మించి ఆ రెండు కథల్లో నేర్చుకోవడానికి ఏమీ లేదు.

మోంటానా దగ్గర నుంచే అసలు పాఠం మొదలవుతుంది. మోచేతి గాయంతో అతను 1991 సీజనంతా, 1992లో దాదాపు అంతా కూర్చుండిపోయాడు. ఆ వ్యవధిలో అతని స్థానంలో దిగిన స్టీవ్ యంగ్ లీగ్‌లో అత్యుత్తమ ఆటగాడయ్యాడు. చివరి నిమిషంలో ఫార్టీ నైనర్స్ మనసు మార్చుకుని ‘నీదే స్థానం’ అన్నా మోంటానా ఆగలేదు. అతను ఎంచుకున్న చీఫ్స్ అప్పటికే వరుసగా మూడేళ్లు ప్లేఆఫ్స్‌కు చేరిన జట్టు. డెరిక్ థామస్, నీల్ స్మిత్ లాంటివారితో డిఫెన్స్ పటిష్ఠంగా ఉంది. దాడి వ్యూహం చూసే కోచ్ పాల్ హాకెట్ ఒకప్పుడు శాన్ ఫ్రాన్సిస్కోలో మోంటానాతో పనిచేసినవాడే. అంటే ఊరు కొత్తది, భాష పాతది. ఆ సీజన్‌లో చీఫ్స్ రెండు ప్లేఆఫ్ మ్యాచ్‌లు గెలిచి సూపర్ బౌల్‌కు ఒక్క మెట్టు దిగువన, బఫెలోలో ఆగిపోయారు. మోంటానా తలకు దెబ్బ తగిలి మధ్యలోనే బయటికి వెళ్లాడు. విఫలమని కొట్టిపారేసేవాళ్లు ఒక్క సంగతి గుర్తుంచుకోవాలి: ఆ తర్వాత చీఫ్స్ మరో ప్లేఆఫ్ మ్యాచ్ గెలవడానికి 2016 జనవరి దాకా పట్టింది.

ఇంకో సంగతి కూడా. మోంటానా వెళ్లిన రెండో సీజన్ చివర, 1995 జనవరిలో, స్టీవ్ యంగ్ ఆరు టచ్‌డౌన్ పాస్‌లతో (బంతిని ఎదుటి గోల్ గీత దాటించి పాయింట్లు తెచ్చే పాస్‌లు) ఫార్టీ నైనర్స్‌కు సూపర్ బౌల్ గెలిపించాడు. పంపినవాళ్లూ తప్పు చేయలేదు, వెళ్లినవాడూ తప్పు చేయలేదు. ఒకరు గెలిస్తే మరొకరు ఓడినట్టే అనుకునే అభిమానుల లెక్కకు ఈ జమాఖర్చు అంతుపట్టదు.

బ్రెట్ ఫార్వ్ ఈ ప్రయోగాన్ని రెండుసార్లు చేసి, రెండు రకాల ఫలితాలూ చూపించాడు. గ్రీన్ బే ప్యాకర్స్‌కు పదహారు సీజన్లు ఆడి, 2008 మార్చిలో రిటైరై, వేసవికల్లా మనసు మార్చుకున్నాడు. ప్యాకర్స్ అప్పటికే పగ్గాలు రాడ్జర్స్‌కు ఇచ్చేశారు. ఫార్వ్‌ను ఆగస్టులో న్యూయార్క్ జెట్స్‌కు పంపారు. సీజన్‌కు నెల ముందు వచ్చి, కొత్త వ్యూహాలు నేర్చుకుంటూ, డిసెంబరుకల్లా భుజం దెబ్బతిని, 22 టచ్‌డౌన్లకు 22 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. జట్టు ప్లేఆఫ్స్‌కు చేరలేదు. మరుసటి ఏడాది మిన్నెసోటా వైకింగ్స్‌లో అదే చెయ్యి 33 టచ్‌డౌన్లు, 7 ఇంటర్‌సెప్షన్లు. తేడా ఎక్కడుంది? మిన్నెసోటాలో దాడి వ్యూహకర్త డారెల్ బెవెల్, గ్రీన్ బేలో ఫార్వ్‌కు కోచ్‌గా ఉన్నవాడు. వెనక బంతి పట్టుకుని పరుగెత్తడానికి ఏడ్రియన్ పీటర్సన్, అవతల జేర్డ్ అలెన్ ఉన్న డిఫెన్స్. ఏడాది పెద్దవాడైన మనిషి అంత మెరుగ్గా ఆడాడంటే, మెరుగైంది మనిషి కాదు, చుట్టూ ఉన్న ఏర్పాటు.

అయినా ఏ ఏర్పాటూ మార్చలేనివి కొన్ని ఉంటాయి. 2010 జనవరి 24న న్యూ ఓర్లీన్స్‌లో సూపర్ బౌల్‌కు ముందరి మ్యాచ్. స్కోరు 28–28. ఇంకా పందొమ్మిది సెకన్లున్నాయి. బంతి ఫీల్డ్ గోల్‌కు (స్తంభాల మధ్యకు తన్ని పాయింట్లు తేవడానికి) ప్రయత్నించదగ్గ దూరంలోనే ఉంది. అంతకు ముందే వైకింగ్స్ పన్నెండో మనిషిని గుంపులో నిలబెట్టి అయిదు గజాల జరిమానా తెచ్చుకున్నారు. దెబ్బలు తిన్న చీలమండతో ఫార్వ్ కుడివైపు పరుగు తీశాడు. ముందు ఖాళీ ఉంది. నాలుగడుగులు కుంటుకుంటూ వెళ్లి పడిపోయినా సరిపోయేది. అతను మైదానానికి అడ్డంగా, శరీరం ఒకవైపు పోతుంటే మరొకవైపు విసిరాడు. ట్రేసీ పోర్టర్ దాన్ని ఒడిసిపట్టాడు. ఓవర్‌టైమ్‌లో న్యూ ఓర్లీన్స్ 31–28తో గెలిచింది. ఇరవై ఏళ్ల నాటి కుర్రతనం నలభైలో కూడా ఒంట్లోంచి పోలేదు. మళ్లీ ఏడాది తిరిగి వచ్చి 11 టచ్‌డౌన్లు, 19 ఇంటర్‌సెప్షన్లతో వెళ్లిపోయాడు. రావలసింది కాదు.

ఈ చర్చలో అన్నిటికన్నా నిండుగా ఉన్న కథ మ్యానింగ్‌ది. 2011లో మెడ శస్త్రచికిత్సల వల్ల అతను ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. అతను లేని ఇండియానాపొలిస్ కోల్ట్స్ రెండే రెండు మ్యాచ్‌లు గెలిచి లీగ్‌లో అట్టడుగుకు పడిపోయింది. అట్టడుగు జట్టుకు కొత్త ఆటగాళ్లలో మొదటి ఎంపిక దక్కుతుంది. ఆ ఏడాది మొదటి ఎంపిక ఎవరో అందరికీ తెలుసు, ఆండ్రూ లక్. మరోవైపు మ్యానింగ్‌కు 2.8 కోట్ల డాలర్ల బోనస్ గడువు ముంచుకొస్తోంది. 2012 మార్చి 7న యజమాని జిమ్ అర్సే, మ్యానింగ్ పక్కపక్కన నిలబడి విడిపోతున్నామని ప్రకటించారు. ఇద్దరి కళ్లూ తడిసే ఉన్నాయి. హైదరాబాద్ క్రికెట్ అభిమానులకు ఈ మంట కొంత తెలుసు: 2016లో సన్‌రైజర్స్‌కు కప్పు తెచ్చిన డేవిడ్ వార్నర్‌ను 2021 సీజన్ నడుమ కెప్టెన్సీ నుంచి, ఆపై జట్టులోంచి తప్పిస్తే, మరుసటి మేలో ఢిల్లీ తరఫున అదే సన్‌రైజర్స్ మీద 92 పరుగులతో నాటౌట్‌గా నిలిచాడు.

మ్యానింగ్‌ను డెన్వర్‌కు రప్పించినవాడు అక్కడ జట్టు వ్యవహారాలు చూసే జాన్ ఎల్వే. ఆటగాడిగా ఒకే జట్టులో మొదలై ఒకే జట్టులో ముగించినవాడు, చివరి రెండు సీజన్లలోనూ సూపర్ బౌల్ గెలిచి 1999లో దిగిపోయినవాడు. తానెన్నడూ ఊరు మారని మనిషి మరొకరిని ఊరు మారమని ఒప్పించాడు. మొదట్లో డెన్వర్ కోచ్‌లు తమ వ్యూహాలను మడిచి పక్కన పెట్టి, మ్యానింగ్ ఇండియానాపొలిస్ నుంచి తెచ్చుకున్న పద్ధతికే జట్టును మలిచారు. 2013లో అతను 55 టచ్‌డౌన్ పాస్‌లతో, 5,477 గజాలతో లీగ్ రికార్డులు రాశాడు. అంత చేసీ 2014 ఫిబ్రవరిలో సూపర్ బౌల్‌ను సియాటిల్‌కు 43–8తో అప్పగించారు.

అక్కడ ఎల్వే చేసిన పని చూడదగ్గది. రికార్డులు కొట్టిన దాడికి ఇంకాస్త నెయ్యి పోయకుండా, నెల తిరిగేసరికి డిమార్కస్ వేర్, అకీబ్ తాలిబ్, టి.జె. వార్డ్‌లను తెచ్చి డిఫెన్స్‌ను కట్టాడు. క్వార్టర్‌బ్యాక్ తగ్గిపోయే రోజు వస్తుందని, ఆ రోజుకు ఇంట్లో వేరే ఆధారం ఉండాలని అతనికి తెలుసు. ఆ రోజు వచ్చింది కూడా. 2015 నవంబరు 15న మ్యానింగ్, ఫార్వ్ పేరిట ఉన్న గజాల రికార్డును దాటాడు. అదే మ్యాచ్‌లో ఇరవై పాస్‌లకు అయిదే చేరాయి, నాలుగు చీఫ్స్ చేతికి చిక్కాయి, పాస్‌ల నాణ్యతను కొలిచే పాసర్ రేటింగ్ సున్నా. చరిత్ర రాసిన సాయంత్రమే అతన్ని బయటికి పిలిచి బ్రాక్ ఆస్వైలర్‌ను పంపారు. తర్వాతి ఏడు మ్యాచ్‌లు ఆస్వైలరే మొదలుపెట్టాడు. ఆ సీజన్‌లో మ్యానింగ్ మొత్తం లెక్క 9 టచ్‌డౌన్లు, 17 ఇంటర్‌సెప్షన్లు. అంతకు ముందు జీతం కూడా 1.9 కోట్ల డాలర్ల నుంచి 1.5 కోట్లకు తగ్గించుకున్నాడు. ఆ తగ్గిన నలభై లక్షలు గెలిస్తేనే తిరిగొచ్చేలా రాసుకున్నారు.

2016 ఫిబ్రవరి 7న సూపర్ బౌల్ 50లో అతను విసిరిన గజాలు 141. మ్యాచ్‌ను గెలిచింది వాన్ మిల్లర్. కామ్ న్యూటన్ చేతిలోంచి రెండుసార్లు బంతిని ఊడగొట్టాడు. డెన్వర్ డిఫెన్స్ ఒక టచ్‌డౌన్ తానే చేసి, మరోదానికి నాలుగు గజాల దూరంలో బంతిని లాక్కుని తమ దాడి చేతికి అప్పగించింది. 24–10. సరిగ్గా నెలకు, ఇండియానాపొలిస్ వదిలిన నాలుగేళ్లకు, మార్చి 7న మ్యానింగ్ రిటైరయ్యాడు. అతన్ని ఆ జట్టు మోసిందని ఎగతాళి చేసినవాళ్లున్నారు. మోసింది నిజమే. మొదటి మూడేళ్లు జట్టును అతను మోశాడు, చివరి ఏడాది జట్టు అతన్ని మోసింది. వెళ్లేముందు అలాంటి జట్టును వెతుక్కోవడమే తెలివి. పోతే, కోల్ట్స్ అతని స్థానంలో తెచ్చుకున్న ఆండ్రూ లక్ గాయాలతో విసిగి 2019లో, ఇరవై తొమ్మిదో ఏట ఆట మానేశాడు. ముసలివాడని పంపినవాడు ముప్ఫై తొమ్మిది దాకా ఆడాడు.

బ్రేడీ కథ ఎక్కువమందికి తెలిసిందే కనుక వైభవం కన్నా లెక్కలే చూడాలి. న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ కోసం అతను విసిరిన ఆఖరి పాస్, 2020 జనవరి 4న తన సొంత గోల్ గీత దగ్గర నుంచి విసిరింది, టెనసీ ఆటగాడు లోగన్ రయాన్ చేతిలో పడి టచ్‌డౌన్ అయింది. ఇరవై సీజన్లు, ఆరు సూపర్ బౌల్‌ల తర్వాత అదీ వీడ్కోలు. అతను ఎంచుకున్న టాంపా బే బక్కనీర్స్ 2007 తర్వాత ప్లేఆఫ్స్ ముఖం చూడలేదు. పైపైన చూస్తే పాడుబడ్డ ఇల్లే. లోపల చూస్తే మైక్ ఎవాన్స్, గాడ్విన్ లాంటి రిసీవర్లు, 2019లో లీగ్‌లోనే అత్యధిక శాక్‌లు (బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం) చేసిన షాక్ బారెట్ ఉన్న డిఫెన్స్. ఆ ఇంటికి చిల్లు ఒక్కచోటే: అంతకు ముందరి క్వార్టర్‌బ్యాక్ జేమిస్ విన్‌స్టన్ ఒక్క సీజన్‌లో 30 ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు. బంతిని పోగొట్టుకోని మనిషి వస్తే చాలు.

అయినా వెంటనే కుదరలేదు. పన్నెండు మ్యాచ్‌లకు ఏడే గెలిచారు. దూరదూరంగా విసరడం కోచ్ బ్రూస్ ఏరియన్స్‌కు ఇష్టం, ఎదుటివాళ్లను ముందే కదిలించి చదివి విసరడం బ్రేడీకి అలవాటు. విరామ వారం తర్వాత ఇద్దరూ చెరో అడుగు దిగివచ్చారు. ఆపై ఒక్కటీ ఓడలేదు. ఎనిమిదో వరుస విజయం 2021 ఫిబ్రవరి 7న, చీఫ్స్ మీద 31–9తో గెలిచిన సూపర్ బౌల్. చీఫ్స్‌కు ఒక్క టచ్‌డౌన్ కూడా దక్కలేదంటే ఆ రాత్రి ఘనతలో డిఫెన్స్ వాటా ఎంతో తెలుస్తుంది. 2022లో మాత్రం లైన్ గాయాలతో చితికి, జట్టు 8 గెలుపులు, 9 ఓటములతో ముగిసింది. బ్రేడీ రిటైరయ్యాక కూడా 2023 జీతాల పరిమితిలో 3.5 కోట్ల డాలర్లకు పైగా అతని పేరు మీదే ఉండిపోయింది. ఇలా మైదానంలో లేని మనిషి ఖాతాలో మిగిలే ఖర్చును అక్కడ డెడ్ మనీ అంటారు. కప్పు వచ్చింది కనుక టాంపాలో ఎవరూ ఆ బిల్లు చూసి బాధపడలేదు.

బాధపడిన ఊళ్లూ ఉన్నాయి. అట్లాంటా నుంచి మ్యాట్ రయాన్‌ను 2022లో కోల్ట్స్ తెచ్చుకున్నారు. పంపినందుకు అట్లాంటాకు 4 కోట్ల డాలర్లకు పైగా డెడ్ మనీ మిగిలింది, తెచ్చుకున్న కోల్ట్స్‌కు లైన్ కూలిపోయింది. డిసెంబరులో మిన్నెసోటా మీద సగం ఆటకు 33–0 ఆధిక్యంలో ఉండి 39–36తో ఓడిపోయారు. లీగ్ చరిత్రలో అంత ఆధిక్యం ఇంకెవరూ పోగొట్టుకోలేదు. ఒక్క క్వార్టర్‌బ్యాక్ తక్కువైందనుకున్న జట్టుకు నిజానికి చాలా తక్కువయ్యాయి. వాపును చూసి బలుపనుకోవడమంటే ఇదే.

రాడ్జర్స్ కోసం జెట్స్ చేసిన బేరం చదివితే ఆశ ఎంతగా కళ్లు కప్పుతుందో తెలుస్తుంది. 2023లో అతను జట్టు ఆటలో 65 శాతం ఆడితే మరుసటి ఏటి కొత్త ఆటగాళ్లలో మొదటి రౌండ్ ఎంపికను గ్రీన్ బేకు ఇవ్వాలి, లేకపోతే రెండో రౌండ్‌ది. సెప్టెంబరు 11 రాత్రి, బఫెలో మీద నాలుగో బంతికే ఎడమ మడమ పైనున్న అకిలీస్ స్నాయువు తెగింది. 65 శాతం కాదు, నాలుగు బంతులు. దాన్ని దురదృష్టమనే అనాలి. కానీ కోలుకుని వచ్చి 2024లో దాదాపు సీజనంతా ఆడినా జట్టు 5–12. పాత వ్యూహకర్త కూడా పక్కనే ఉన్నాడు: గ్రీన్ బేలో అతనితో పనిచేసిన నథానియల్ హాకెట్, మోంటానా కథలోని పాల్ హాకెట్ కొడుకు. తండ్రి దగ్గర పనిచేసిన మందు కొడుకు దగ్గర పనిచేయలేదు. భాష తెలిసినవాడు ఒకడుంటే చాలదు, ఇంటికి గోడలూ ఉండాలి.

మరి వెళ్లనివారి సంగతి? డాన్ మరీనోకు 2000లో మిన్నెసోటా తలుపు తెరిచింది. అతను వద్దనుకున్నాడు. పదిహేడు సీజన్లూ మయామీవే. అతని ఆఖరి మ్యాచ్ జాక్సన్‌విల్ చేతిలో 62–7 ఓటమి. సూపర్ బౌల్ ఎప్పుడూ గెలవలేదు. ఉన్నచోట ఉండటం వల్ల గౌరవం మిగులుతుందన్నది నిజం. వెళ్లడం వల్ల అది పోతుందన్నదే నిజం కాదు. 2009 నవంబరులో వైకింగ్స్ జెర్సీలో వచ్చిన ఫార్వ్‌ను వెక్కిరించి కేకలు వేసిన గ్రీన్ బే స్టేడియమే, 2015లో అతని 4వ నంబరును సత్కరించడానికి కిటకిటలాడింది. ఇండియానాపొలిస్ 2017లో మ్యానింగ్‌కు విగ్రహం పెట్టింది. బ్రేడీ 12ను పేట్రియట్స్ 2024లో శాశ్వతంగా పక్కన పెట్టారు. అభిమానుల అలక ఆరేడేళ్లకు మించి నిలిచిన దాఖలాలు తక్కువ. ఆ అలకకు భయపడి నిర్ణయం మార్చుకోవడం ఎవరికీ లాభించలేదు.

2025 జూన్‌లో రాడ్జర్స్ మూడో జట్టు పిట్స్‌బర్గ్ స్టీలర్స్‌తో ఒక ఏడాదికి సంతకం చేశాడు. బలమైన డిఫెన్స్, ఏళ్ల తరబడి సరైన క్వార్టర్‌బ్యాక్ కోసం వెతుక్కుంటున్న జట్టు. కాగితం మీద మిన్నెసోటాకూ డెన్వర్‌కూ దగ్గరి పోలిక. జెర్సీ నంబరు మాత్రం మళ్లీ 8. పిట్స్‌బర్గ్‌లో 12 టెరీ బ్రాడ్‌షాది. పద్నాలుగు సీజన్లు, నాలుగు సూపర్ బౌల్‌లు, ఒకే జట్టు. 1983 డిసెంబరులో న్యూయార్క్‌లో జెట్స్ మీద ఒక టచ్‌డౌన్ పాస్ విసురుతుంటే అతని మోచేతిలో ఏదో పటుక్కుమంది. బయటికి నడిచాడు. మళ్లీ ఆడలేదు.